సాల్వియా మొక్క: విత్తనం నుంచి విత్తనం దాకా

చలి మొదలైందంటే హోసూరు, బెంగళూరు దారుల్లో ఉండే నర్సరీల ముందు ఎర్రటి వెన్నులతో వరసగా పేర్చి కనిపించేది సాల్వియా. లాల్‌బాగ్ పూల ప్రదర్శనకి వెళ్ళిన పిల్లలకి బాగా తెలిసిన మొక్కే. పూసిన కుండీని కొని తెస్తాం, నెలో రెండు నెలలో చూసి మురిసిపోతాం, వెన్నులు వాడగానే పీకి పారేస్తాం. మళ్ళీ ఏడు మళ్ళీ డబ్బు పెట్టి కొంటాం. కానీ మనం పారేసే ఆ ఎండు వెన్నులోనే రాబోయే ఏటి నారు దాగి ఉంటుంది.

సాల్వియా తులసి కుటుంబపు మొక్క. కాడని రెండు వేళ్ళ మధ్య తిప్పి చూడండి, నాలుగు పలకలుగా తగులుతుంది. ఆకులు ఎదురెదురుగా జతలుగా వస్తాయి. ఇంట్లో ఉన్న తులసి, పుదీనా పక్కన పెట్టి పోల్చితే పిల్లలకి వెంటనే అర్థమవుతుంది. మన వైపు ఎక్కువగా దొరికే ఎర్ర సాల్వియా పుట్టిల్లు బ్రెజిల్. నీలి సాల్వియా టెక్సస్, మెక్సికోలది. సన్నటి వెన్నులు, ఎండకి బాగా ఓర్చుకుంటుంది. ఊటీ, కొడైకెనాల్ తోటల్లో మఖమల్ లాంటి ఊదా వెన్నులతో పొదలా పెరిగేది ఇంకో రకం, అది కూడా మెక్సికోదే. చియా గింజలు ఇచ్చే మొక్క కూడా వీటికి చుట్టమే. వంటలో వాడే సేజ్ మాత్రం వేరే సాల్వియా. పూలకోసం పెంచేవాటి ఆకులు తినకూడదు. ఎర్ర పువ్వు పీకి తేనె పీల్చే అలవాటు పిల్లలకి ఉంటుంది. నర్సరీ నుంచి కొత్తగా వచ్చిన మొక్కలకి మందు కొట్టి ఉండవచ్చు కనుక ఆ పని వద్దని చెప్పండి.

విత్తనం వెయ్యడానికి క్వార్టర్లీ పరీక్షల సెలవులు మంచి అదను. అప్పుడు వేస్తే రిపబ్లిక్ డే నాటికి పూలు చూడొచ్చు. ఎర్రమన్ను, బాగా చివికిన దిబ్బ ఎరువు, ఇసుక కలిపి వెడల్పాటి తొట్టిలో నింపండి. గింజల్ని పైన చల్లి అరచేత్తో మెల్లగా అదమండి, అంతే. వెలుతురు తగిలితేనే బాగా మొలుస్తాయి, మన్ను కింద లోతుగా కప్పెయ్యకండి. దాదాపు 10 నుంచి 14 రోజుల్లో మొలకలు వస్తాయి. నాలుగైదు ఆకులు వచ్చాక విడి కుండీల్లోకి మార్చండి. నేలలో అయితే మొక్కకీ మొక్కకీ అడుగు ఎడం ఉండాలి. మూడు నాలుగు జతల ఆకులు రాగానే కొస గిల్లెయ్యండి. పిల్లలు "అయ్యో" అంటారు గానీ, గిల్లకపోతే ఒక్క కాడ, ఒక్క వెన్నే. గిల్లితే పక్క కొమ్మలు వచ్చి గుబురవుతుంది.

బడి మొక్కలు ఎక్కువగా చచ్చేది నీళ్ళు లేక కాదు, నీళ్ళు ఎక్కువై. దారిన పోయే ప్రతి పిల్లా పిల్లవాడూ సీసాలో మిగిలిన నీళ్ళు ఒంపితే కుండీ బురద అవుతుంది. వేలు ఒక కణుపు లోతు మన్నులో గుచ్చి చూడాలి. పొడిగా ఉంటేనే పొయ్యాలి. మన్ను తడిగా ఉండగా ఆకులు వేలాడుతున్నాయంటే వేరు కుళ్ళుతోందని అర్థం, ఇంకా పోస్తే ఇక లేవదు. వారానికి ఒక్కరికే ఆ పని అప్పగించండి. నీళ్ళు మొదట్లో పొయ్యాలి, ఆకుల మీద కాదు. ఎర్ర రకానికి పొద్దుటి ఎండ చాలు, నీలి దానికి రోజంతా ఎండ ఉన్నా సరే. ఆకు అడుగున తెల్లదోమ గానీ సన్నటి గూడు గానీ కనబడితే నీటి ధారతో కడిగి, లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట చల్లండి.

ఇక విత్తనం సంగతి. మనకి ఎర్రగా కనిపించే వెన్నులో పొడవాటి గొట్టం లాంటి పువ్వు కొద్ది రోజుల్లో రాలిపోతుంది. దాని చుట్టూ ఉన్న ఎర్ర గిన్నె, అంటే రక్షకపత్రావళి, చాలా రోజులు నిలుస్తుంది. ఆ గిన్నె అడుగున గరిష్ఠంగా నాలుగు గింజలు ఉంటాయి. ముదిరితే చెప్పకుండా నేల రాలతాయి. అందుకని మొక్కకి రెండు వెన్నులు మాత్రం వదిలి, పలచటి గుడ్డసంచీ కట్టండి. మిగతా వెన్నులు వాడుముఖం పట్టగానే కత్తిరించండి, అప్పుడే కొత్త వెన్నులు వస్తాయి. కొన్న పొట్లం మీద హైబ్రిడ్ అని ఉంటే దాని పిల్లలు తల్లిలాగే రావాలని లేదు. ఎత్తులో, రంగులో తేడా వస్తుంది. సైన్స్ పాఠానికి అది లాభమే.

మార్చి ఎండలు ముదిరాక మొక్కని సగానికి పైగా కత్తిరించి నీడకి జరపండి. హోసూరు చల్లదనంలో అది వానలకి మళ్ళీ చిగురించే అవకాశం ఉంది. వేలూరు, చెన్నై వేడిలో ఆ ఆశ తక్కువ, అక్కడి బంధువులకి గింజలు పంపడమే మేలు. పెద్ద సెలవుల్లో బడిలో నీళ్ళు పోసేవాళ్ళు ఉండరు కాబట్టి తలా ఒక కుండీ ఇంటికి తీసుకెళ్ళాలి. గింజల్ని నీడలో వారం ఆరబెట్టి, కాగితం పొట్లం కట్టి, పైన రంగు, కోసిన నెల రాసి మూత గట్టిగా పట్టే డబ్బాలో వేసి ఉంచండి.