తెలుగు పత్రికలలో రాజకీయ పక్షపాతం

వార్తల ఎంపికలోనూ, శీర్షికలలోనూ ఒక రాజకీయ పక్షానికి అనుకూలంగా వ్యవహరించడాన్ని పత్రికల రాజకీయ పక్షపాతం అంటారు. విశాలాంధ్ర, ప్రజాశక్తి వంటి పత్రికలు తమ కమ్యూనిస్టు పక్షాన్ని ఏనాడూ దాచుకోలేదు. వివాదమంతా తటస్థమని చెప్పుకునే పత్రికల గురించే.

రామోజీరావు 1974లో విశాఖపట్నంలో ప్రారంభించిన ఈనాడు, 1982లో ఎన్.టి.రామారావు తెలుగుదేశం పార్టీని స్థాపించినపుడు ఆయన పర్యటనలకు విస్తృత ప్రచారం ఇచ్చింది. 1983 జనవరి ఎన్నికలలో ఆ పార్టీ విజయానికి ఇది తోడ్పడిందని పలువురు పరిశీలకుల అభిప్రాయం. అయితే 1995లో పార్టీ చీలినపుడు ఇదే పత్రిక చంద్రబాబునాయుడు వైపు మొగ్గింది. కనుక దీనిని కేవలం వ్యక్తి అభిమానంగా భావించలేము.

ముఖ్యమంత్రిగా వై.ఎస్.రాజశేఖరరెడ్డి ఈనాడు, ఆంధ్రజ్యోతులను "ఆ రెండు పత్రికలు" అంటూ విమర్శించేవాడు. ఆయన కుమారుడు జగన్ మోహన్ రెడ్డి 2008 మార్చి 23న సాక్షిని ప్రారంభించాడు. 2011లో మొదలైన నమస్తే తెలంగాణ, తెలంగాణ రాష్ట్ర సమితి అనుకూల పత్రికగా పేరుపడింది.

ఈనాడు 1989లో జిల్లా సంచికలను ప్రవేశపెట్టగా ఇతర పత్రికలూ ఆ బాట పట్టాయి. వికారాబాదు జిల్లాలోని యాలాల్ వంటి మండలాల వార్తలు ఎక్కువగా ఆ పేజీలకే పరిమితం. అక్కడ పక్షపాతం సంపాదకీయంలో కాక, ఎవరి సభకు ఫొటో వేశారు, ఏ గ్రామం ఫిర్యాదును వదిలేశారు అన్నదానిలో కనబడుతుంది. ఒకే పత్రిక తెప్పించుకునే పాఠకునికి ఆ వదిలేసిన వార్త ఉందన్న సంగతే తెలియదు.