స్వర్ణకారుని కుంపటి

స్వర్ణకారుని పనిముట్లన్నీ ఒకచోట చేర్చినను ఒక చిన్న చెక్కపెట్టెకు మించవు. కుంపటి, ఊదుగొట్టము, మూస, దాగలి, సుత్తి, పటకారు, శ్రావణము, కత్తెర, ఆకురాయి, కమ్మచ్చు, గీటురాయి, త్రాసు - ముఖ్యమైనవి ఇంతే. మన పెద్దల నాటి కాసులపేరు గాని, వంకీ గాని, జడబిళ్ళ గాని ఈ కొద్దిపాటి సామగ్రితోనే తయారైనవి. పనిముట్లు ఇంత స్వల్పమైనప్పుడు పనితనము ఎక్కడ ఉన్నది? లోహమును ఎరిగిన చేతిలో ఉన్నది. ఆ చేతికి అలవాటైన లోహమును మార్చినచో ఏమగునో మన దేశము ఒకసారి చూచినది. ఆ సంగతినే శ్రోతలకు మనవి చేయదలచినాము.

ఈ పెట్టె చాల పాతది. నాగార్జునకొండ లోయ జలాశయమున మునుగుటకు ముందు, 1954 నుండి 1960 వరకు, పురావస్తు శాఖవారు అక్కడ విరివిగా త్రవ్వకములు జరిపినారు. క్రీ.శ. 3, 4 శతాబ్దములలో ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి అక్కడనే ఉండెడిది. ఆ నగరపు ఇండ్ల నడుమ ఒక స్వర్ణకారుని పనిశాల బయల్పడినది. మూస, గీటురాయి, పటకారు, నగల అచ్చులు అందులో దొరికినవి. నేటి స్వర్ణకారుడు వానిని చూచినచో ఏది దేనికని అడుగనక్కరలేదు. అంతకు పూర్వమే, 1892లో, భట్టిప్రోలు స్తూపములోని ధాతుకరండములతోపాటు అలెగ్జాండర్ రీ చిన్న చిన్న బంగారు పూవులను కనుగొన్నాడు. విజయపురి కంటె ఎన్నో తరముల ముందే బంగారమును రేకుగా సాగగొట్టి పూరేకులు తీర్చిన చేతులు మన నేలపై ఉన్నవని అవి సాక్ష్యమిచ్చుచున్నవి.

ఇక పని విధానము. మేలిమి బంగారము, అనగా 24 క్యారెట్లది, మిక్కిలి మెత్తన. నిత్యము ధరించు నగకు అది ఆగదు. అందుచేత 22 భాగముల బంగారమునకు 2 భాగములు రాగి, వెండి కలుపుదురు. నూటికి 91.6 వంతులు బంగారము గల ఈ లోహము చక్కగా సాగును, వంగును, రంగు చెడదు. దీనిని మూసలో కరగించి, కడ్డీగా పోసి, దాగలిపై సాగగొట్టుదురు. తీగ కావలసినచో కమ్మచ్చు అను చిల్లుల ఉక్కుపలక గుండా, పెద్ద చిల్లి నుండి చిన్న చిల్లికి, వరుసగా లాగుదురు. లాగినకొలది తీగ బిరుసెక్కును. బిరుసెక్కిన దానిని అట్లే లాగినచో తెగును. కావున నడుమ నడుమ ఎర్రగా కాల్చి మెత్తబరచవలెను. ఎన్ని లాగులకు ఒకసారి కాల్చవలెనో తీగయే చేతికి చెప్పవలెను.

అతుకు పెట్టుట ఇంకను కష్టము. అతుకు లోహము నగకంటె ముందుగా కరగవలెను. అందుకై బంగారములోనే రాగి, వెండి పాళ్ళు కొంచెము హెచ్చించి పొడి చేసికొందురు. అతుకువలసిన చోట వెలిగారము పూయుదురు. అది కరగి, గాలి తగులనీయక, లోహము నల్లబడకుండ కాపాడును. పిమ్మట ఊదుగొట్టముతో మంటను ఆ చోటికే మళ్ళింతురు. ముక్కుతో ఊపిరి తీయుచు, బుగ్గలలో గాలి నిలిపి, తెరపి లేకుండ ఊదవలెను. పొడి కరగి పారిన క్షణమున ఆపవలెను. ఆలస్యమైనచో దినముల తరబడి చేసిన పని ముద్దయగును.

1962లో చైనాతో యుద్ధము జరిగిన పిమ్మట, విదేశ మారకద్రవ్యమును పొదుపు చేయుటకు, బంగారపు దొంగరవాణాను అరికట్టుటకు భారత ప్రభుత్వము 1963 జనవరిలో బంగారు నియంత్రణ నిబంధనలను అమలుపరచినది. అప్పటి ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయి. 14 క్యారెట్లకు మించిన కొత్త నగలు చేయరాదని ఆ నిబంధనలు శాసించినవి. ఉద్దేశము దేశక్షేమమే. కాని భారము మొదట పడినది చిన్న కుంపటిపైన.

14 క్యారెట్ల లోహములో బంగారము నూటికి 58.3 వంతులే. తక్కినది రాగి మొదలైన లోహములు. అది త్వరగా బిరుసెక్కును. కాల్చినప్పుడు నల్లబడును. పాత అతుకు పొడి దానికి సరిపడదు. తాతముత్తాతల నాటి పాళ్ళు, కొలతలు తలక్రిందులైనవి. పనివాడు ఎట్లో సరిపెట్టుకొన్నను, 14 క్యారెట్ల పుస్తెలు చేయించుకొనుటకు మనసొప్పు గృహస్థు ఎక్కడ? పని అడుగంటినది. దేశమంతట స్వర్ణకార కుటుంబములు పస్తులకు లోనైనవి. ఆత్మహత్యల వార్తలు పార్లమెంటు వరకు వెళ్ళినవి. 1966లో 14 క్యారెట్ల ఆంక్షను తొలగించినారు. 1968లో వచ్చిన నియంత్రణ చట్టము 1990లో రద్దయినది. పనిముట్లు చెడలేదు, కాని కుంపటి విడిచి వేరు పనులకు పోయిన వారి చేతి నేర్పు వారి బిడ్డలకు అందలేదు.

వెండికి ఈ ఆంక్ష లేదు. కరీంనగరము వెండి తీగపనివారు సన్నని తీగలు రెంటిని పురిపెట్టి, అణచి, చుట్టలుగా వంచి, చట్రములలో అమర్చి అతుకుదురు. వారి పనికి 2007లో భౌగోళిక గుర్తింపు లభించినది.

ఈ విద్య నేర్వగోరు యువతీయువకులకు ఒక మాట. మొదట రాగి తీగపై చేయి తిప్పుడు. వంచుట, కాల్చుట, అతుకుట అక్కడ స్వాధీనమైన తరువాత వెండికి, చివరకు బంగారమునకు పోవచ్చును. గృహిణులకు ఒక సూచన. పాత నగను కుంకుడు రసము కలిపిన గోరువెచ్చని నీటితో, మెత్తని కుంచెతో కడిగిన చాలును. లోపల లక్క నింపిన నగలను వేడినీట ముంచరాదు.

2021 నుండి బంగారు నగలకు హాల్‌మార్కు తప్పనిసరి అగుట ఆరంభమైనది. ముద్ర లోహపు స్వచ్ఛతను చెప్పును. పనితనమును చెప్పదు. మజూరీ బేరమాడుటకు ముందు నగను వెనుకకు త్రిప్పి అతుకులను చూడుడు. అవి కనబడనంత సన్నగా ఉన్నచో, అడిగిన మజూరీ న్యాయమైనదే.