మాల్దీవులు: పర్యావరణ ముప్పు

హిందూ మహాసముద్రంలో సుమారు 1,200 పగడపు దీవులున్న దేశం మాల్దీవులు. నేల సగటు ఎత్తు సముద్ర మట్టానికి మీటరున్నర మాత్రమే. అలల ధాటిని మొదట అడ్డుకునేవి పగడపు దిబ్బలే. నీరు వేడెక్కితే పగడాలు తమలో ఉంటూ ఆహారం అందించే నాచును బయటికి నెట్టేసి తెల్లబడతాయి. వేడి తగ్గకపోతే చనిపోతాయి. 1998లో, 2016లో ఇలా భారీ నష్టం జరిగింది. దీవుల ఇసుకలో ఎక్కువ భాగం పగడాల పొడే కనుక పగడాలు చనిపోవడం చాలా పెద్ద ముప్పు. ఉప్పునీరు చొరబడి బావులూ పాడవుతున్నాయి. పగడపు దిబ్బలున్న బా అటాల్‌ (వలయాకారపు దీవుల గుంపు)ను 2011లో యునెస్కో బయోస్ఫియర్ రిజర్వుగా గుర్తించింది. ఈ ముప్పులపై ప్రపంచం కళ్లు తెరిపించడానికి 2009 అక్టోబరు 17న అధ్యక్షుడు మొహమ్మద్ నషీద్ మంత్రివర్గాన్ని సముద్రం అడుగున సమావేశపరిచారు; కర్బన ఉద్గారాలు తగ్గించాలన్న విజ్ఞప్తిపై డైవింగ్ దుస్తుల్లోనే మంత్రులు సంతకాలు చేశారు.