లోహపు గాజు: పొడి నుంచి వస్తువు దాకా

గాజు అంటే మనకు చేతి గాజులూ కిటికీ అద్దాలే గుర్తొస్తాయి. లోహం కూడా గాజు కాగలదని లోహశాస్త్రం చదువుకునే రోజుల్లో విన్నప్పుడు నాకెంతో వింతగా అనిపించింది. దీనికి పోలిక మన వంటింట్లోనే ఉంది. పంచదార పాకాన్ని తీరిగ్గా వదిలేస్తే పటికబెల్లంలా స్ఫటికాలు కడుతుంది. ముదురు పాకాన్ని చల్లని పళ్ళెంలో పోస్తే అద్దంలా బిగుస్తుంది. కరిగిన లోహంలోని పరమాణువులు కూడా, వరుసల్లో సర్దుకునే వ్యవధి ఇవ్వకపోతే, చెల్లాచెదురుగానే గడ్డకడతాయి. అదే లోహపు గాజు.

1960లో అమెరికాలోని కాల్‌టెక్‌లో పాల్ డువే బృందం బంగారం, సిలికాన్ మిశ్రమాన్ని సెకనుకు సుమారు 10 లక్షల డిగ్రీల వేగంతో చల్లార్చి దీన్ని సాధించింది. అయితే చేతికొచ్చింది వెంట్రుకకన్నా పల్చని రేకు! మందం పెరిగితే లోపలి వేడి త్వరగా బయటికి పోదు, స్ఫటికాలు పుడతాయి. ఆ తొలి దశాబ్దపు పరిశోధనను 1971లో సమీక్షించినవారు కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి చెందిన టి.ఆర్. అనంతరామన్, చల్లపల్లి సూర్యనారాయణ గార్లు. సూర్యనారాయణ గారు తర్వాత ఫ్లోరిడాలో ఆచార్యులై, జపాన్ శాస్త్రవేత్త అకిహిసా ఇనోవేతో కలిసి ఈ విషయంపై పెద్ద గ్రంథమే రాశారు.

1993లో కాల్‌టెక్‌లోనే పెకర్, జాన్సన్ జిర్కోనియం ప్రధానమైన మిశ్రమంతో 14 మిల్లీమీటర్ల కడ్డీలు పోతపోశారు. కానీ అన్ని మిశ్రమాలూ అంత అనువైనవి కావు. అక్కడే పొడి అక్కరకొచ్చింది. కరిగిన లోహధారను ఆర్గాన్ వాయువుతో చిన్నచిన్న బిందువులుగా చెదరగొడితే, ప్రతి బిందువూ క్షణంలో చల్లారి గాజు రేణువవుతుంది. 1983లో కోచ్ బృందం కరిగించే పనే లేకుండా, నికెల్, నియోబియం పొడులను గుండ్ల మిల్లులో నూరి ఇలాంటి పొడిని తయారుచేసింది.

అసలు చిక్కు ఆ రేణువులను అతకడంలో ఉంది. పెకర్, జాన్సన్‌ల మిశ్రమం సుమారు 350 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడి, 430 దాటితే స్ఫటికమవుతుంది. ఇలాంటి ఇరుకు సందులోనే, తక్కువ వ్యవధిలో, ఒత్తిడితో పొడిని ఒకే ముద్ద చేయాలి. రేణువులపై ఉండే ఆక్సైడు పొర అతుకును అడ్డుకుంటుంది. అందుకే పొడిని ఇరుకు రంధ్రం గుండా నెట్టి, ఆ రాపిడితో పొరను చీలుస్తారు.

2013లో జర్మనీ పరిశోధకులు ఇనుము ప్రధానమైన పొడిని లేజరుతో పొరపొరగా కరిగించి, పోతకు లొంగని జాలీ ఆకారాలు తయారుచేశారు. దీంతో మందం సమస్య తీరిపోయిందని కొందరంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. పైపొరను కరిగించే వేడి కిందిపొరను మళ్ళీ కాస్తుంది. అక్కడ స్ఫటికాలు మొలవవచ్చు, మధ్యలో రంధ్రాలూ మిగలవచ్చు. ఒకప్పటి మందం సమస్య ఇప్పుడు అతుకు సమస్యగా మారిందంతే.

గాజును పుట్టించడం 1960లోనే తెలిసింది. దాన్ని చెడకుండా కలపడం ఇంకా నేర్చుకుంటున్నాం. ఇంజనీరింగ్ చదువుతున్న మన పిల్లలకు ఇక్కడ చేయవలసిన పని చాలా ఉంది.