క్షేత్రం, కాంతి, సూరి భగవంతం

శ్రీశైలాన్ని క్షేత్రమంటాం. విద్యుదావేశ ప్రభావం వ్యాపించి ఉన్న ప్రదేశాన్నీ తెలుగు పాఠ్యపుస్తకం విద్యుత్ క్షేత్రమనే అంటుంది. ఆ క్షేత్రానికీ కాంతికీ గల సంబంధాన్ని పరిశోధించిన తెలుగువారిని స్మరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

విద్యుత్ క్షేత్రంలో ఉంచిన గాజు కాంతిని రెండుగా వక్రీభవింపజేస్తుందని జాన్ కెర్ 1875లో కనుగొన్నారు. హైడ్రోజన్ వర్ణపట రేఖలు అదే విధంగా క్షేత్ర ప్రభావానికి లోనై చీలుతాయని 1913లో స్టార్క్ చూపారు. 1916లో ఎప్‌స్టైన్, ష్వార్జ్‌షీల్డ్‌లు క్వాంటం సిద్ధాంతంతో ఆ చీలికను వివరించారు.

అయితే కాంతి తానే ఒక కంపిస్తున్న విద్యుత్ క్షేత్రం కూడా. అది అణువును తాకినప్పుడు ఎలక్ట్రాన్ల మేఘం ఒక పక్కకు జరిగి ద్విధ్రువం ఏర్పడుతుంది. ఆ మేఘం ఎంత సులువుగా జరుగుతుందో తెలిపేదే ధ్రువణశీలత. అణువు కంపించేటప్పుడు ఈ గుణం మారితే, చెదిరిన కాంతిలో కొత్త పౌనఃపున్యాలు కనిపిస్తాయి. 1928లో కలకత్తాలో సి.వి. రామన్ ప్రకటించిన ఫలితానికి ఆధారం ఇదే. (ఆయన బాల్యం, పాఠశాల చదువు విశాఖపట్నంలోనే గడిచాయి.)

కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతం, హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1928లో రామన్ వద్ద చేరారు. చెదిరిన కాంతి ధ్రువణాన్ని పరిశీలించి, ఫోటానుకు స్వీయ భ్రమణం ఉందని 1931లో ఇద్దరూ ప్రకటించారు. ప్రయోగాత్మక నిరూపణ అని శీర్షికలోనే చెప్పుకున్నారు. నా దృష్టిలో అది నేరుగా కొలిచినది కాదు, కొలతల నుంచి చేసిన అనుమానం. వృత్తాకార ధ్రువిత కాంతి వేలాడదీసిన స్ఫటిక ఫలకాన్ని మెలితిప్పుతుందని 1936లో బెత్ కొలిచి చూపారు. అంతమాత్రాన తొలి వాదం విలువ తగ్గదు. దానిని చరిత్రలో సరైన చోట నిలపాలి.

భగవంతం చిరస్థాయి కృషి వాల్తేరులో జరిగిందని నా అభిప్రాయం. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1940లో కాంతి పరిక్షేపణంపై ఆయన గ్రంథాన్ని ప్రచురించింది. అంతకు ముందు ఏడే, 1939లో, తన సహచరుడు టి. వేంకటరాయుడుతో కలిసి ఆయన స్ఫటికాల సౌష్ఠవాన్ని సమూహ సిద్ధాంతంతో విశ్లేషించారు. స్ఫటికంలోని ఏ కంపనం రామన్ వర్ణపటంలో కనిపిస్తుందో, ఏది కనిపించదో ప్రయోగానికి ముందే చెప్పగల పద్ధతి అది. వారిద్దరి సమూహ సిద్ధాంత గ్రంథం 1948లో అక్కడి నుంచే వెలువడింది. రెండు పుస్తకాలూ ఆంగ్లంలోనే ఉన్నాయి.