ఫ్రీడ్‌హోఫ్: శాంతి కన్నా ముందు ప్రహరీ

జర్మన్‌లో శ్మశానవాటికను ‘ఫ్రీడ్‌హోఫ్’ అంటారు. ‘ఫ్రీడె’ అంటే శాంతి, ‘హోఫ్’ అంటే ఆవరణ; కాబట్టి శాంతివనం అని అర్థం చెప్పుకోవడం సహజం. కానీ మాట పుట్టింది అలా కాదు. ప్రాచీన జర్మన్‌లో ‘ఫ్రీట్‌హోఫ్’ అంటే ఇంటి ముందో చర్చి ముందో ప్రహరీ కట్టిన వాకిలి. అందులోని తొలి పదానికి మూలం ‘ఆదరించు, కాపాడు’ అనే క్రియ. చర్చి గోడ లోపలే చనిపోయినవారిని పూడ్చేవారు గనుక వాకిలి పేరే సమాధుల పేరైంది. దీనికి గట్టి సాక్ష్యం పలుకులోనే ఉంది. పాత మాటల్లోని దీర్ఘ ‘ఈ’ తర్వాత ‘ఐ’ అయింది. ద్రాక్షసారాను చెప్పే ‘వీన్’ ‘వైన్’ అయినట్టే. ఆ లెక్కన ఇది ‘ఫ్రైట్‌హోఫ్’ కావాలి. బవేరియా, ఆస్ట్రియా మాండలికాల్లో అచ్చంగా ఆ రూపమే నిలిచింది.

‘ఫ్రీట్’, ‘ఫ్రీడె’ రెండింటికీ ధాతువు ఒకటే కదా, శాంతి అంటే తప్పేమిటి అని అడగవచ్చు. ధాతువు ఒకటే, నిజమే. అయితే చుట్టరికం వేరు, కన్నతల్లి వేరు. అసలు అర్థం మరుగున పడ్డాక జనం ఆ మాటలో శాంతిని విన్నారు, పలుకును అటు తిప్పుకున్నారు. ఆ ఆర్తి గౌరవించదగ్గదే. దాన్ని పుట్టుకగా చెప్పడమే పొరపాటు. పలుకే కాదు, సమాధుల చోటూ మారింది. 1794 నాటి ప్రష్యా చట్టం చర్చిల్లోనూ, పట్టణాల జనావాసాల్లోనూ ఖననాన్ని నిషేధించింది. సమాధులు ఊరు దాటాయి. చర్చి వాకిలి పేరు వాటి వెంటే వెళ్లింది.