వైద్యుని హస్తవాసి

"ఆ డాక్టరు హస్తవాసి మంచిది" అను మాట రామకుప్పము సంతలోనైనను, పట్టణములోనైనను వినబడుచునే యుండును. ఒకే మందు ఒకరి చేతిమీదుగా గుణమిచ్చుననియు, మరియొకరిచేత ఈయదనియు పెద్దల నమ్మకము. మందు సంగతి ఎట్లున్నను, రోగి బ్రదుకు వైద్యుని చేతిపై నెంతగా ఆధారపడునో అంకెలతో చూపినవాడు హంగేరీ దేశీయుడగు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్.

1846లో ఆయన వియన్నా పెద్ద ఆసుపత్రి ప్రసూతి విభాగమున సహాయ వైద్యుడుగా చేరెను. అచ్చట రెండు వార్డులుండెను. మొదటిదానిలో వైద్య విద్యార్థులు, రెండవదానిలో మంత్రసానులు శిక్షణ పొందుచుండిరి. ఆ సంవత్సరము మొదటి వార్డున 4,010 కాన్పులకు 459 మంది తల్లులును, రెండవ వార్డున 3,754 కాన్పులకు 105 మందియు మరణించిరి. అనగా మొదటిదానిలో నూటికి 11.4, రెండవదానిలో 2.8. చావులకు ముఖ్యకారణము సూతికా జ్వరము. తమ్ము మొదటి వార్డున చేర్చవద్దని గర్భిణులు మోకరిల్లి వేడుకొనెడివారు.

రెండు వార్డులు పక్కపక్కనే యున్నవి. గాలి ఒకటే, ఊరు ఒకటే. మరి భేదమెక్కడ? 1847 మార్చిలో ఆయన మిత్రుడు ప్రొఫెసరు కొల్లెచ్కా శవపరీక్ష సమయమున ఒక విద్యార్థి కత్తి గీచుకొని, ఆ గాయము విషమించి మరణించెను. సూతికా జ్వరముతో పోయిన తల్లుల దేహములందలి లక్షణములే ఆయన దేహమునను కనబడెను. చిక్కు వీడినది! విద్యార్థులు శవములను కోసిన చేతులతోనే వచ్చి ప్రసవ స్త్రీలను పరీక్షించుచుండిరి. మంత్రసానులకు ఆ పని లేదు.

ఆ మే నెలనుండి క్లోరిన్ కలిసిన సున్నపు నీళ్లతో చేతులు కడుగుకొనవలెనని సెమ్మెల్‌వైస్ నియమము పెట్టెను. 1848లో మొదటి వార్డు మరణములు నూటికి 1.27కు దిగెను.

నడుమ మరొక దెబ్బ తగిలెను. 1847 అక్టోబరులో, చీము కారు క్యాన్సరు పుండుగల స్త్రీని ముందు పరీక్షించి, వైద్యులు చేతులు సబ్బుతో మాత్రమే కడిగి ఇతరులను పరీక్షించిరి. 12 మంది తల్లులలో 11 మంది మరణించిరి. శవమునుండియే గాక బ్రదికియున్న రోగినుండియు వ్యాధి చేతిమీదుగా పోవునని తేలినది.

అయినను పలువురు వైద్యులు నమ్మలేదు. తమ చేతులే చావు తెచ్చినవన్న మాట ఎవరికి రుచించును? పైగా ఆ విషపదార్థమేదో సెమ్మెల్‌వైస్ చూపలేకపోయెను. 1865లో ఆయన మరణించెను. సూతికా జ్వరపు సూక్ష్మజీవిని 1879లో పాస్చరు వివరించెను.

అయితే అన్ని వ్యాధులకును చేయియే దారి కాదు. మన మదనపల్లె చెంత ఆరోగ్యవరమున 1915లో క్షయరోగుల శానిటోరియము వెలసెను. క్షయ ముఖ్యముగా దగ్గు తుంపరలతో గాలిలో వ్యాపించును. అట్టి వార్డులో చేతులు కడుగుట ఒక్కటే చాలదు. గాలి ధారాళముగా ఆడవలెను, సిబ్బందికి తగిన మాస్కులుండవలెను. వ్యాధి నడచు దారి తెలిసికొని, ఆ దారిని మూయుటయే నివారణ.

చేతి దారిని మూయుటకు ప్రపంచ ఆరోగ్యసంస్థ 2009లో సిబ్బందికి ఐదు సమయములు నిర్దేశించినది: రోగిని తాకుటకు ముందు, శుభ్రముగా చేయవలసిన చికిత్సకు ముందు, రక్తము మొదలగు శరీర ద్రవములు సోకు పని ముగిసిన వెంటనే, రోగిని తాకిన తరువాత, రోగి మంచము, సామగ్రి తాకిన తరువాత. సబ్బు, నీళ్లతోనైన 40 నుండి 60 సెకనులు, ఆల్కహాలు ద్రవముతోనైన 20 నుండి 30 సెకనులు పట్టును. చేతి తొడుగులున్నను ఈ నియమము తప్పదు.

రేపటి డాక్టర్లు, నర్సులు నేడు మన తరగతులలోనే కూర్చున్నారు. పై అంకెలను వారిచేత లెక్కకట్టించిన చాలును. హస్తవాసి యెక్కడనుండి వచ్చునో వారే చెప్పగలరు.